బూడిదరంగు మెట్లు

ఆ వీధిలో ఫోన్లు బాగుచేసేవాళ్ళు అడుగడుక్కీ ఉన్నారు గానీ, మానిటర్ విప్పి లోపల చెయ్యిపెట్టే మనిషి మాత్రం ఒక్కతే. అందుకే ఆమె అసలు పేరు ఎప్పుడో వెనకబడిపోయి, చిన్నాపెద్దా అందరికీ మానిటరమ్మ అయి కూర్చుంది. ఇంట్లో అక్కకి మాత్రం చిట్టి. జుట్టు సగం నెరిసినా చిట్టే.

స్కాన్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చిన ఉదయం కూడా అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందుగదిలో మాటా మాటా అనుకుంటున్నారు. అక్క కుట్టుమిషన్ మీద వంగి బడిపిల్లల చొక్కాలకి కాలర్లు వేస్తోంది. కాస్త కుట్టగానే దగ్గొస్తోంది. దగ్గినంతసేపూ పాదం ఆపి, తెరిపి ఇచ్చాక మళ్ళీ తొక్కుతోంది.

"మందు తాగావా?"

"తాగాను."

"సీసా నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది."

"సీసాలు కొలుస్తూ కూచున్నావంటే నీకివాళ బేరాల్లేనట్టే."

"ఇంకోసారి చూపించుకుందాం రావే అంటే చెవిన పెట్టవు."

"వేసవిలో ఎక్స్‌రే తీయించావుగా? ఏమీ లేదని రాసిచ్చారుగా? పొద్దస్తమానం గుడ్డల నూగు పీల్చేదానికి దగ్గు రాక ఇంకేమొస్తుంది? వెళ్ళు, ఫోను మోగుతోంది."

స్కాన్ సెంటర్ వాళ్ళది కొత్త గొడవేం కాదు. రిపోర్టులు చూసే గదిలో మానిటర్ వెలగనని మొరాయిస్తోంది. మానిటరమ్మ తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నడుచుకుంటూనే వెళ్ళింది.

అది కిటికీల్లేని చిన్న గది. బొమ్మలు బాగా కనబడాలని గోడలకి ముదురు రంగు వేశారు. ఎక్స్‌రేలు తీసే అమ్మాయి మానిటర్ మీట నొక్కి చూపించింది. కింద దీపం రెండుసార్లు మినుక్కుమని ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆరిపోయింది. అలా నొక్కగా నొక్కగా తెర వెలిగింది.

"పొద్దున్నే దీన్ని బతిమాలుకోవడంతోనే సరిపోతోందండీ నాకు. మా ఆయన్ని నిద్ర లేపడం కూడా ఇంత కష్టం కాదు" అంది ఆ అమ్మాయి. "వెలగడం ఒకటే కాదు, బొమ్మ కూడా ఏదోలా ఉంటోంది. వేసవి ముందునించీ చెప్తున్నాను. వెలుగుతోందిగా, ఇంకేం కావాలన్నారు మా సారు."

మానిటరమ్మ తనతో తెచ్చిన పరీక్ష బొమ్మ తెర మీద పెట్టింది. ఒక చివర కటిక నలుపు, రెండో చివర తెలుపు, మధ్యలో మెట్టు మెట్టుగా బూడిదరంగు గళ్ళు. తెలుపు వైపు మెట్లు ఎక్కడికక్కడ విడివిడిగానే ఉన్నాయి. నలుపు వైపుకి వచ్చేసరికి మెట్లన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి నల్లటి గోడలా ఉంది.

"లోపల చిప్ పాడైందమ్మా. ఎలా వెలగాలో, ఏ రంగుని ఎంత కాంతితో చూపించాలో అదంతా అందులోనే రాసుంటుంది. ఆ రాతలో కొంత చెరిగిపోయింది. ఇదే మోడల్ ఇంకోటి ఉందా మీ దగ్గర?"

"కడుపు స్కానింగ్ గదిలో ఉంది. రెండూ ఒకేసారి కొన్నారు."

"అయితే బతికిపోయాం. దాన్లోది చూసి దీన్లో రాసేస్తాను." విప్పబోతూ ఆగింది. "బాగయ్యాక పోల్చి చూసుకోడానికి ఒక అసలు ఎక్స్‌రే పెట్టు. మా అక్కది ఉంటుందిగా, అదే పెట్టు. డబ్బిచ్చి తీయించుకున్నదేగా, ఇంకోసారి చూస్తే తప్పులేదు."

ఎక్స్‌రే అమ్మాయి నవ్వుతూ వెతికి పెట్టింది. తెల్లటి పక్కటెముకలు, వాటి మధ్య నల్లగా ఊపిరితిత్తులు, కిందగా ఒక పక్కకి ఒరిగిన గుండె. మానిటరమ్మ దగ్గరికి జరిగి చూసింది. "తిండి సగం నా కంచంలోకే తోస్తే ఎముకలు కాక ఇంకేం కనబడతాయిలే" అని గొణుక్కుంది.

ఆపైన పనిలో పడింది. మానిటర్‌ని మెత్తటి గుడ్డ మీద బోర్లా పడుకోబెట్టి, మరలు తీసి, అంచు సందులోకి పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ తిప్పుకుంటూ వెనక మూత ఊడదీసింది. బోర్డు మీద ఒక మూల ఎనిమిది కాళ్ళ చిప్, వేలిగోరంత కూడా లేదు. వేడిగాలి గొట్టం దాని చుట్టూ తిప్పుతుంటే దాని కాళ్ళకి అతికిన సీసం మెత్తబడి మెరిసింది. ఊపిరి బిగబట్టి పట్టకారుతో చిప్‌ని పైకి లేపింది. దాన్ని చిప్‌లు చదివే తన చిన్న పెట్టెలో బిగించి, ముందుగా లోపలున్నదంతా చదివి లాప్‌టాప్‌లో దాచుకుంది. పాతది ఎంత పనికిరానిదైనా ఒక నకలు దాచనిదే కొత్తది రాయదు. అది మొదట్నించీ ఆమె పద్ధతి. పక్కగది మానిటర్ చిప్‌లో ఉన్నది కూడా చదివింది. రెండూ పక్కపక్కన పెడితే, పాడైనదాన్లో ఒకచోట అంకెలుండాల్సిన వరసలన్నీ ఖాళీ. పాతది తుడిచి, మంచిది రాసి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూసుకుని, చిప్‌ని మళ్ళీ దాని చోట్లో అతికించింది.

ఈసారి మీట ఒక్కసారి నొక్కగానే తెర వెలిగింది. ఎక్స్‌రే అమ్మాయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నలుపు వైపు మెట్లన్నీ విడివడి కనబడుతున్నాయి.

"ఇప్పుడు పిలువు మా అక్కని" అంది మానిటరమ్మ చేతులు తుడుచుకుంటూ.

బొమ్మ వచ్చింది. కుడివైపు మెడ ఎముక కింద, నల్లగా ఉండాల్సిన చోట, బొటనవేలి ముద్రంత పల్చటి బూడిదరంగు మసక.

తెర మీద తన వేలే తగిలిందనుకుంది మానిటరమ్మ. సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి అద్దం తుడిచింది. పోలేదు. గుడ్డ మీద నోటితో ఆవిరి ఊది, ఈసారి కాస్త గట్టిగా తుడిచింది. ఇంకా అక్కడే ఉంది. మూడోసారి గుడ్డ ఎత్తబోతుంటే ఎక్స్‌రే అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అది అద్దం మీద లేదండీ" అంది నెమ్మదిగా.

*

రిపోర్టులు రాసే డాక్టరుగారు మధ్యాహ్నం వచ్చారు. పెద్దాయన. ఎవరూ ఏమీ చెప్పకుండా బొమ్మ ఆయన ముందు పెట్టారు. ఆయన ముందుకి వంగి, వెనక్కి వాలి, మళ్ళీ వంగి చూశారు. కింద తేదీ చూశారు. రిపోర్టు తెప్పించుకుని కింద సంతకం చూసుకున్నారు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

"ఈవిడ నీకేమవుతారమ్మా?"

"అక్కండీ. నన్ను పెంచిన మనిషి."

"అప్పుడు నాకిది కనబడలేదు." అన్నారాయన. "రోజూ దీని ముందే కూర్చునేవాణ్ణి. మసకమసగ్గా ఉందేమిటని అనిపించేది. నా కళ్ళు ముసలివైపోయాయి అనుకున్నాను. తెర సంగతి తట్టలేదు."

తిడదామని నోరు తెరిచింది మానిటరమ్మ. ఆయన కళ్ళజోడు లేకుండానే బల్ల మీద కలం కోసం తడుముకుంటున్నారు. నోరు మూసుకుంది. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చారాయన. ఆ కాయితం మడిచి సంచీలో పెట్టుకుంటుంటే సెంటర్ యజమాని, ఆ అమ్మాయి చెప్పిన సారే, తన గదిలోకి పిలిచాడు.

యజమాని చెడ్డవాడని ఎవరూ అనరు. లేనివాళ్ళొస్తే తగ్గించి తీసుకుంటాడు. కుర్చీ తనే లాగి వేశాడు. "ఈ మాట విన్నప్పట్నించీ నా మనసు మనసులో లేదమ్మా. మీ అక్క వైద్యం మొత్తం నాది. ఎక్కడికి తీసుకెళ్ళినా, ఎన్నాళ్ళయినా. అయితే ఒక్క మాట."

మానిటరమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మన మధ్యే ఉండాలి. వచ్చినవాళ్ళందరికీ ఏదో ఉంటుందనేం లేదు. ఊరందర్నీ హడలగొట్టి ఏం బాగుపడతాం? సెంటర్ మూతపడితే ఇందరి పొట్టకొట్టినట్టు కాదూ? ఆ ఎక్స్‌రే పిల్లని నిలదీస్తారు, డాక్టరుగార్ని ఈ వయసులో వీధిలో పెడతారు. అప్పుడు మీ అక్కని నేనెలా చూసుకోను?" గొంతు తగ్గించాడు. "చిప్‌లోది ఏదో దాచుకుంటావట కదా. అదీ ఉందా?"

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. లేచి, ఉన్నదున్నట్టు నాలుగు దులిపేసి వచ్చెయ్యాల్సిన మనిషి. కానీ కళ్ళ ముందు అక్క దగ్గుతూ పాదం ఆపడం కనబడింది. పెద్దాసుపత్రి ఎంత డబ్బు మింగుతుందో తెలియని మనిషేం కాదు. లాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. తెర పాడైందనడానికి మిగిలిన ఒకే రుజువు, పొద్దున దాచిన ఆ నకలు మీద గుర్తు పెట్టి, చెరిపేసింది. పని తెలిసిన మనిషి కనక ఎక్కడా జాడ లేకుండా చెరిపింది. చేస్తున్నంతసేపూ అక్క కోసం, అక్క కోసం అనుకుంటూనే ఉంది.

*

డాక్టరుగారు పాత బొమ్మ ఇంకోసారి చూశారనీ, ఎందుకైనా మంచిది పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారనీ మాత్రమే అక్కకి చెప్పింది. అక్క గునుస్తూనే వచ్చింది. వారం రోజులు అక్కడి వరండాల్లోనే గడిచిపోయాయి. ఇక్కడ కూచోండి, అక్కడ నిలబడండి, రక్తం ఇవ్వండి, ఊపిరి బిగపట్టండి. సూది గుచ్చి లోపల్నించి ముక్క తీసేటప్పుడు అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. బాధ తనకి కాదన్నట్టు, "అటు చూడకే, నీకు కళ్ళు తిరుగుతాయి" అంది.

మాట చెప్పింది ఒక పడుచు డాక్టరు. ఉన్నమాట మెత్తగా చెప్పడం ఆవిడకి బాగా వచ్చు.

"ఈ కాన్సర్ గడ్డ వేసవిలో ఎక్కడుందో అక్కడే ఉండుంటే కోసి తీసేసేవాళ్ళమండీ. ఇప్పుడు ఎముకల్లోకి కూడా వెళ్ళింది."

"ఇప్పుడేం చేస్తారు?" అంది మానిటరమ్మ.

"మందులిస్తాం. నొప్పి లేకుండా చూస్తాం. కొంతకాలం పొడిగించగలుగుతాం."

అక్క ఆవిడ చెప్పేదంతా తలూపుతూ విని, "పండగ సెలవులయ్యి బడి తెరిచేలోపు చొక్కాలివ్వాలమ్మా, మిషన్ తొక్కచ్చా?" అని అడిగింది. పడుచు డాక్టరు కాయితాలు సర్దుకునే నెపంతో తల దించేసుకుంది.

ఇంటికొచ్చాక అక్క కాసేపు మిషన్ దగ్గర కూచుంది. సూదిలో దారం ఎక్కించి, ఒక కాలర్ పూర్తి చేసి, కొస పంటితో తెంపింది. అప్పుడడిగింది.

"చిట్టీ, వేసవిలో కనపడనిది ఇప్పుడెలా కనబడిందే?"

అబద్ధం చెప్పడం మానిటరమ్మకి చాతకాదు. అక్క దగ్గరైతే అస్సలు చాతకాదు. చిప్ సంగతీ, మెట్ల సంగతీ, అద్దం తుడిచిన సంగతీ అన్నీ చెప్పుకొచ్చింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. అక్క లేచొచ్చి, చెల్లెలి తల తన పొట్టకి ఆనించుకుని నిమిరింది. లోపల ఊపిరి గరగరమని ఆడటం మానిటరమ్మ చెవికి వినబడుతోంది.

"పోనీలేవే. నువ్వు చూడబట్టేగా ఇప్పటికైనా తెలిసింది" అని ఓదార్చింది అక్క. నిమిరే చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. "అయితే ఆ తెర మీద నాదొక్కదానిదే చూశారా?"

మానిటరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూచుందే. చంకలో ఏడాది పిల్ల. నాకంటే ఎక్కువ దగ్గుతోంది పాపం. లోపలికి పిలిస్తే పిల్లనేం చెయ్యాలో తెలీక దిక్కులు చూస్తుంటే నేనే తీసుకున్నాను. నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆవిడది కూడా దాన్లోనే చూసుంటారుగా. చెప్పారా ఆవిడకి?"

"లేదు."

"ఏం?"

ఇక దాచి లాభం లేదు. యజమాని ఇస్తానన్నదీ, తను చెరిపేసిందీ నేల చూపులు చూస్తూ చెప్పింది. అక్క కేకలేస్తుందనుకుంది. వేస్తే బాగుండేది. అక్క ఆమెని వదిలి, రెండడుగులు వెనక్కి వేసి, మంచం అంచున కూలబడింది.

"నా మందులకి ఆ పిల్లతల్లిని తాకట్టు పెట్టావా చిట్టీ?"

"నాకు నువ్వు తప్ప ఎవరున్నారే!" అని అరిచింది మానిటరమ్మ. "ఎవరో ఏమిటో, దారినపోయే మనుషులు. వాళ్ళ కోసం నిన్నెలా వదులుకోను?"

"నేనెలాగూ పోతున్నానుగదే" అంది అక్క. గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది.

*

మర్నాడు పొద్దున్నే అక్క జుట్టు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, వద్దన్నా వినకుండా బయల్దేరింది. మానిటరమ్మ వెనకాలే నడిచింది. దార్లో రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగాల్సొచ్చింది. స్కాన్ సెంటర్లో అదే బెంచీ మీద కూచుని యజమానికి కబురంపింది అక్క. ఆయన పరుగున వచ్చాడు.

"లోపలికి రండమ్మా, చల్లగా కూచుని మాట్లాడుకుందాం."

"ఇక్కడ బాగానే ఉంది బాబూ. వేసవిలో నా పక్కన కూచున్న ఆ చంటిపిల్ల తల్లికి ఫోన్ చేయించండి. ఆవిడొచ్చేదాకా నేనిక్కడే కూచుంటాను. మీ మందులూ, ఆసుపత్రి ఖర్చులూ నాకొద్దు. ఆ లెక్క నాకూ మా చెల్లెలికీ పడదు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. యజమాని రెండు చేతులూ జోడించాడు. "మీకు దణ్ణం పెడతానమ్మా, నలుగురిలో..." అంటుండగానే రిపోర్టులు చూసే గది తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు. ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చే మనిషి ఆ వేళప్పుడే అక్కడున్నారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన బెంచీ మీది మనిషిని చూసి గుర్తుపట్టలేదు. ఎముకలు చూశారు గానీ మొహం ఎప్పుడూ చూడలేదు. ఎక్స్‌రే అమ్మాయి చెవిలో చెప్పాక, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చి అక్క ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఆ రోజు నుంచీ పాత బొమ్మలన్నీ తీసి చూస్తున్నాను. ఎవరికీ చెప్పకుండా చూస్తున్నాను. చూసి ఏం చెయ్యాలో తెలీక కూచున్నాను." యజమాని వైపు తిరిగారు. "ఫోన్లు చేయించండి. ఆ తెర మీద ఎవరెవరివి చూశానో వాళ్ళందరికీ."

"డాక్టరుగారూ, ఒక్కసారి ఆలోచించి..."

"వాటి కింద సంతకాలు నావి" అన్నారాయన. ఎక్స్‌రే అమ్మాయి అప్పటికే ఫోను దగ్గరికి వెళ్ళిపోయింది. యజమాని ఖాళీగా ఉన్న ఒక కుర్చీలో కూచుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ రోజు మొదలు వరండా నిండిపోయింది. కొందరు తిట్టారు. ఒకతను గాజుతలుపు మీద రాయి విసిరాడు. చాలామంది మాత్రం పిలుపు కోసం ఎదురుచూస్తూ మాటల్లేకుండా కూచున్నారు. అక్క ఆయాసపడుతూనే రోజూ వచ్చి బెంచీలో ఒక చివర కూచునేది. ఎందుకంటే, ఆ తల్లి ఇల్లు మారింది, ఫోను కలవలేదు. తెలిసినవాళ్ళని పట్టుకుని, వాళ్ళ ద్వారా ఇంకొకర్ని పట్టుకుని, ఆఖరికి ఎక్స్‌రే అమ్మాయే వెళ్ళి వెతికి తీసుకొచ్చింది.

ఆవిడ వచ్చింది. చంకలో పిల్ల కాస్త బరువెక్కింది. ఎందుకు పిలిచారో సగమే అర్థమై, మొహం పాలిపోయి ఉంది. అక్కని చూడగానే గుర్తుపట్టింది. పిల్లని అక్క ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది. డాక్టరుగారు పాతదీ చూశారు, కొత్తగా ఇంకోటీ తీయించి చూశారు. ఆలస్యమైపోతోంది. అక్క పిల్ల వీపు మీద తట్టుతూ, పెదాలు కదుపుతూ ఏదో గొణుగుతోంది.

తలుపు తెరుచుకుంది. ఎక్స్‌రే అమ్మాయి మొహం చూడగానే తెలిసిపోయింది.

"ఏమీ లేదు! అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు!"

ఆ తల్లి వచ్చి అక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుని బావురుమంది. అక్క నవ్వింది. ఈ మధ్య ఎప్పుడూ అంత నోరారా నవ్వలేదు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గుతూనే మళ్ళీ నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తనకే బతుకు తిరిగొచ్చినట్టు ఆవిడ తల నిమురుతోంది.

గోడకి ఆనుకుని నిలబడ్డ మానిటరమ్మకి సంతోషం రాలేదు. ఈవిడకెందుకు లేదు? అంత దగ్గిన మనిషికి లేనిది మా అక్కకే ఎందుకుండాలి? ఈవిడకి ఉండి, మా అక్కకి లేకపోతే ఏం పోయింది? ఆ మాట మనసులో అనుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసి మొహం గోడవైపు తిప్పుకుంది.

"చిట్టీ."

తిరగలేదు.

"ఇలా రావే. పిల్లని కాస్త పట్టుకో. నా చెయ్యి లాగేస్తోంది."

వెళ్ళింది. అక్క ఆమె కళ్ళల్లోకి చూసింది. అక్కడేముందో అంతా చదివేసినట్టే చూసింది. తన ఒళ్ళో నిద్రపోతున్న పిల్లని జాగ్రత్తగా ఎత్తి చెల్లెలి భుజం మీద వేసి, తల జారకుండా ఆమె చేతిని పట్టుకెళ్ళి పిల్ల మెడ కింద పెట్టింది. అక్క వేళ్ళు అప్పటికే చల్లగా, కట్టెపుల్లల్లా ఉన్నాయి.

పిల్ల ఒకసారి కదిలి, మానిటరమ్మ మెడ ఒంపులో ముక్కు దూర్చుకుని మళ్ళీ నిద్రపోయింది. వెచ్చటి ఊపిరి ఆమె మెడకి తగులుతోంది. గరగర లేదు, అడ్డు లేదు. లోపలికి వెళ్ళినంత సుళువుగా బయటికొస్తోంది. మానిటరమ్మ కదలకుండా నిలబడింది. అక్క బెంచీ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం చెల్లెలి కొంగు అంచు పట్టుకునే ఉంది.